నా కొడుకు పరిచిన బాత్రూం

నలభై ఆరేండ్లు వచ్చినంక, అందుల ఇరవై తొమ్మిదేండ్లు బండలు పరిచినంక, పోయిన ఆదివారం నేను నా కొడుకు కింద సిమెంట్ కలిపే పనికి పోయిన. నవ్వకున్రి. చాయ్ తాగుకుంట వినున్రి, ఎట్లయిందో చెప్త.

మాది తాండూరు. ఇండ్లల్ల నాపరాతి బండలు పరుచుడు నా పని. ఊర్ల నాకు జర పేరుంది గానీ, నిజం చెప్పాల్నంటే ఆ పేరు మా నాయినది. ఆయనకు ఇప్పుడు డెబ్బై ఎనిమిది. పని ఇడిసిపెట్టి, వికారాబాద్ల మా అన్న సంగన్న దగ్గర ఉంటుండు. పని ఇడిసిండు గానీ అలవాటు ఇడవలే. ఎవరింటికి పోయినా సరే, తాగనీకి ఇచ్చిన చెంబుల సగం తాగి, మిగిలిన నీళ్లు పట్టుకొని సీదా బాత్రూంలకు పోతడు. నీళ్లు కింద పోసి, ఎటు పారుతయో చూస్తడు. సక్కగ మోరీకి పోతే ఏమనడు, వచ్చి కూసుంటడు. పోకపోతే ఒకటే మాట, "పీకు".

నా పెండ్లిచూపులకు పోయినప్పుడు కూడ గిదే పని చేసిండు. నాకు సుజాత నచ్చింది, ఆయనకు వాల్ల బాత్రూం నచ్చలే. పాపం మా మామ, లగ్గం పత్రికలు అచ్చేసేలోపట్నే బండలు మార్పిచ్చుకున్నడు.

పదిహేడేండ్లప్పుడు నేను మొదటిసారి బాత్రూం పరిస్తే మూడుసార్లు పీకిచ్చిండు. నాలుగోసారి పరిస్తే ఏమనలే. ఆ ఏమనకపోవుడే మా ఇంట్ల మెడల్. అప్పటిసంది నాకు ఒకటే ఆశ. ఆయన నోట్లకెల్లి, నా పని చూసి, ఒక్కసారి "బాగుంది" అని వినాలె. ఒక్కసారి చాలు, మల్ల అడగ.

మొన్న ఆయనకు మోకాళ్ల నొప్పులు ఎక్కువైనయ్. తాండూరుకు వస్తే రాత్రిపూట బయటి బాత్రూంకు పోనీకి పరేషాన్ అయితుండు. అందుకే బెడ్రూంకు ఆనుకొని కొత్త బాత్రూం కట్టిచ్చిన. బండలు మాత్రం కూలోల్లతోని పెట్టియ్యలే. నాయిన కాళ్లు పెట్టే బాత్రూం, నా చేతులతోనే పరుస్త అన్న. ఈసారి ఆ మాట వింటనని నాకు గట్టి నమ్మకం.

ఇగ అసలు కథ. బండలు పరిచే రోజు పొద్దుగాల సుజాత దిండు కవర్లు ఉతుకనీకి తీస్తుంటే, మా కొడుకు సిద్ధుగాని కవర్లకెల్లి ఒక పేపర్ పడింది. వాడు పదో తరగతి. మ్యాథ్స్ టెస్ట్, ఇరవై ఐదుకు పంతొమ్మిది. నాకు కోపం మోకాలికెల్లి తలకెక్కింది. వాన్ని పిలిచి బాత్రూం గడప కాడ నిలబెట్టిన. నేను లోపట దారం కడుతున్న, బండలు పెడుతున్న, నోరు మాత్రం బయట పనిచేస్తుంది.

"ఆరు మార్కులు ఎటువోయినయ్ రా?"

"స్టెప్పుల పోయినయ్ డాడీ. ఆన్సర్ కరెక్టే."

"కరెక్టే అయితే దిండుల ఎందుకు పెట్టినవ్? తప్పు చేసినందుకు కాదురా నాకు కోపం, దాచినందుకు. తప్పు చేసినోడు ముందలికొచ్చి చెప్పాలె. మొగోడు దాస్తడా?"

గిట్ల ఒక రెండు గంటలు నడిచింది. మంచిగ చెప్పిన అనుకుంటున్న. బండలు కూడ మంచిగ కూసున్నయ్. నీళ్లు పోసి చూద్దునా అనుకొని, ఇన్నేండ్ల చెయ్యికి పరీక్షేందని చూడలే. రెండు రోజులు ఎవ్వరం అందుల కాలు పెట్టలే.

మూడో రోజు నాయిన వికారాబాద్ల రైలెక్కిండని అన్న ఫోన్ చేసిండు. గంటల దిగుతడు. సుజాత కొత్త బాత్రూం కడుగుదామని బకెట్ నీళ్లు పోసింది. లోపటికెల్లి కేక.

"ఏమయ్యో, గిటు రా. నీళ్లు మంచం కిందికి పోతున్నయ్."

పోయి చూసిన. మోరీ ఒక దిక్కు ఉంది, నీళ్లు ఇంకో దిక్కు పోతున్నయ్. నీళ్లు పారే వాటం మోరీకి పెట్టాల్సింది, సిద్ధుగాడు నిలబడ్డ గడప దిక్కు పెట్టిన. ఆరు మార్కులు ఎటువోయినయని అడుక్కుంట అడుక్కుంట, వాన్ని చూసుకుంట, బాత్రూం మొత్తం వాని దిక్కే వంచిన. ఎక్కువ గాదు, వేలు మందం. మా నాయినకు వేలు మందం శానా ఎక్కువ.

పీకనీకి టైం లేదు. నేనేం చేసిన్నంటే, సిగ్గిడిసి చెప్తున్న, మొదలు మిద్దెక్కి ట్యాంక్ వాల్వ్ బంద్ చేసిన. కిందికి దిగి బాత్రూంల పాత దుప్పటి పరిచిన. దాని మీద రెండు ఖాళీ సిమెంట్ బస్తాలు, ఒక నిచ్చెన పెట్టిన. "నాయిన అడిగితే ఇంక పని నడుస్తుందని చెప్పు" అని సుజాతకు నేర్పిచ్చిన. ఎనుకకు తిరిగి చూస్తే సిద్ధు నిలబడి ఉన్నడు, చేతులు కట్టుకొని.

"డాడీ, తప్పు చేసినోడు ముందలికొచ్చి చెప్పాలె అన్నవ్ గదా."

"గది మార్కుల సంగతి రా. గిది వేరే."

"అచ్ఛా," అన్నడు. గా "అచ్ఛా" ఇంకా నా చెవులల్ల ఉంది.

నాయిన వచ్చిండు. కాళ్లు కడుక్కున్నడు, కూసున్నడు, సుజాత ఇచ్చిన చెంబుల సగం తాగిండు. లేచిండు. నేను అడ్డం పోయిన. "నాయినా, నల్లా రాదు, మోటర్ ఖరాబైంది, పని ఇంక అయిపోలే" అన్న. "నాకు నల్లా ఎందుకురా, చెంబుంది గదా" అన్నడు. నిచ్చెన ఆయనే జరిపిండు. దుప్పటి కాలుతోని తీసిండు. పోసిండు.

నీళ్లు మోరీ దిక్కు ఒక్క చుక్క పోలే. మర్లి వచ్చి ఆయన కాళ్లే తడిపినయ్. ఆయన చూసిండు. మా నాయినకు మామూలు కోపం తెలుగుల వస్తది, పెద్ద కోపం వస్తే కన్నడంల వస్తది. వాల్లమ్మ కర్ణాటకామె.

"యారు మాడిద్దు?" అన్నడు. ఎవడు చేసిండు అని.

ఇగ నా నోరు నా మాట వినలే. దేవుని సాక్షిగ చెప్తున్న, నేను అనాలని అనుకోలే. "సిద్ధుగాడు పరిచిండు నాయినా. పని నేర్పిస్తున్న" అన్న. అనేసినంక సిద్ధు మొకం చూడనీకి ధైర్యం రాలే.

నాయిన నడుము వంచిండు. పీకు అంటడు, పిల్లగాన్ని తిడతడు, నేను నడుమ దూరి సర్ది చెప్తనని ఇంత ప్లాన్ మనసుల అయిపోయింది. ఆయన బండల నడుమ సందుల మీద వేలు పెట్టి, ఈ గోడకాడికెల్లి ఆ గోడదాక రాసుకుంట పోయిండు.

"బస్వా, చూడు," అన్నడు నాతోని. "జాయింట్లు చూడు ఎట్లున్నయో. ఒక్కటి వంకర లేదు. పదిహేనేండ్లకు గింత చెయ్యి ఎవనికి వస్తది? మస్తుగ చేసిండు. వాటం తప్పింది, తప్పితే ఏముంది, చిన్నోడు, వస్తది."

ఇగ నా బాధ మీరే చెప్పున్రి. ఆ జాయింట్లు నావి. ఇరవై తొమ్మిదేండ్ల సంది ఎదురుచూసిన మాట, నా పని మీదనే వచ్చింది, నా ముందలనే వచ్చింది, నాకు రాలే. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. నాయిన చూసి, "కొడుకు పని చూసి మురుస్తుండు" అని సుజాతకు చెప్పిండు.

గంతటితోని ఆగలే. సంచిలకెల్లి ఆయన తాపీ తీసిండు. కర్ర పిడి అరిగి ఆయన చెయ్యి ఆకారానికి వచ్చిన తాపీ. ఆయన పని బంద్ చేసిన నాటిసంది నేను అడుగుతున్న, "నాకియ్యి నాయినా" అని. "నీకింక టైం రాలే" అనేటోడు. ఎక్కడికి పోయినా ఎంట పెట్టుకొని తిరుగుతడు. గది తీసి సిద్ధు చేతుల పెట్టిండు. వాడు నా దిక్కు చూసిండు. నేను గోడ దిక్కు చూసిన.

మూడు రోజులు ఉన్నడు. ఆ మూడు రోజులు బండలు ముట్టనియ్యలే. "పిల్లగాడు మొదటిసారి చేసింది, నేనుండంగ పీకొద్దు" అన్నడు. ఆయన తానం చేసినప్పుడల్ల నేను, సుజాత గోనెసంచులు పట్టుకొని బెడ్రూంల కాపలా కూసున్నం. ఇంటికొచ్చినోల్లనల్ల తీస్కపోయి చూపిచ్చిండు. ఎనుక నిలబడి నేను తలూపుతున్న.

మొదటి రోజు సాయంత్రం ఉండబట్టలేక అడిగిన. "నాయినా, నేను మొదటిసారి పరిస్తే మూడుసార్లు పీకిచ్చినవ్. యాదికున్నదా?"

"ఎందుకు లేదు. నువ్వు నా కొడుకువి, నిన్ను సీదా చేసే పని నాది," అన్నడు. "వాడు నీ కొడుకు. వాన్ని తిట్టుకునుడు నీ పని. నాకేముంది, నేను మెచ్చుకుంట."

గదే రాత్రి సిద్ధు మ్యాథ్స్ పేపర్ పట్టుకొని వచ్చిండు. పెన్ను కూడ తెచ్చిండు, క్యాప్ తీసి.

"డాడీ, సంతకం పెట్టాలె."

"పంతొమ్మిదికి నేను సంతకం..."

"తాత ఇంక పండుకోనట్టుంది. పిలువాల్నా?"

సంతకం పెట్టిన. మంచిగ, గుండ్రంగ, పేరంత రాసి పెట్టిన.

ఇంతటితోని అయిపోయేది గానీ, నాయిన వికారాబాద్ పోయినంక అన్న ఫోన్ చేసిండు. వాల్ల మిద్దె మీద కొత్త బాత్రూం కడుతున్నరు. బండలు సిద్ధుగాడే పరచాలని నాయిన పట్టుబట్టి కూసున్నడట. చదువు ఖరాబైతది అని నేను చెప్పబోతే, నాయిన ఫోన్ గుంజుకున్నడు.

"ఒక్క ఆదివారమేరా. నువ్వు కూడ రా. వానికి సిమెంట్ కలపనీకి ఒక మనిషి కావాలె గదా."

ఇగ వారం రోజులు బడి అయినంక మా బాత్రూం పీకి, వానికి నిజంగనే పని నేర్పిచ్చిన. వాడు మొదటి బండ పెట్టంగనే "పీకు" అన్న. నా నోట్లకెల్లి మా నాయిన గొంతే వచ్చింది. వాడు నిమ్మలంగ, "తాత నన్ను పీకు అనలే డాడీ" అన్నడు. ఆ బండ ఉండనిచ్చినం. ఇప్పటికీ జర ఊగుతది.

ఆదివారం వికారాబాద్ పోయినం. నాయిన గడపల కుర్చీ ఏసుకొని కూసున్నడు. సిద్ధు లోపట తాపీ పట్టుకొని కూసున్నడు. నేను బయట ఇసుక, సిమెంట్ కలిపి తట్టతోని అందిస్తున్న. పక్కింటోల్లు మిద్దెక్కి చూస్తున్నరు. "ఇంకొంచెం నీళ్లు పొయ్యాలె" అని సిద్ధు అంటే, "సరిపోతయ్ రా" అన్న. నాయిన నన్ను కోపంగ చూసిండు.

"వాడు చెప్పినట్టు చెయ్యి. వానికి పని తెలుసు."

పోసిన.

మధ్యాహ్నం తిని నాయిన జర ఒరిగిండు. గప్పుడు నేను లోపటికి దూరిన. సిద్ధు గడప కాడ కాపలా. తాత లేచేలోపట దారం కట్టిన, వాటం రెండుసార్లు చూసిన, అన్ని బండలు నేనే పరిచిన. సిద్ధుగాడు పెట్టినవి పీకాల్సి వచ్చింది. వాడు చూసుకుంట నిలబడ్డడు.

నాయిన లేచి ముఖం కడుక్కొని, చెంబు పట్టుకొని వచ్చిండు. బండలు కదలకుండ గడపల నిలబడే చెయ్యి చాపి పోసిండు. నీళ్లు ఒక్కతాన ఆగకుండ మోరీకి పోయినయ్. మా అన్న, వదిన అందరు చూస్తున్నరు. "శభాష్ రా," అని నాయిన సిద్ధు భుజం తట్టిండు. "వారంల వాటం కూడ వట్టిండు."

సిద్ధు నా దిక్కు చూసిండు. నేను కండ్లతోనే వద్దు అన్న. వాడు వినలే.

"తాతా, గిది నేను పరచలే. డాడీ పరిచిండు. తాండూర్లది కూడ డాడీదే. డాడీ అబద్ధం చెప్తుంటే నేను ఊకున్న."

అందరు నా దిక్కు తిరిగిన్రు. మోచేతులదాక సిమెంట్ పూసుకొని, నలభై ఆరేండ్ల మనిషిని, రిజల్ట్ బోర్డు ముందల నిలబడ్డట్టు నిలబడ్డ. అబద్ధం చెప్పినందుకు తిడతడేమో అని కూడ నాకు భయం లేదు. ఆ జాయింట్లు నావి అని ఆయనకు ఎరుకైంది, గదొక్కటే మనసుల తిరుగుతుంది. నాయిన నన్ను చూసిండు. బండల దిక్కు చూసిండు. మెల్లగ నడుము వంచి, మూలకు చూసిండు.

"అందుకే," అన్నడు. "గా మూలకు జర తడి నిలిచింది."

సిద్ధుగాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని మెట్లు దిగి ఉరికిండు, కిందికెల్లి వాని నవ్వు ఇనిపిస్తుంది. నేను నడుము వంచి చూసిన. నిజంగనే ఉన్నది, చెంచాడు. తుడుద్దామని చెయ్యి పెట్టబోయిన.

"అయినా, ఉండనియ్," అన్నడు నాయిన. అని, చెంబు నా చేతికిచ్చి కిందికి పోయిండు.

పీకు అనలే, ఉండనియ్ అన్నడు. మా అన్న పక్కనే ఉన్నడు, ఆయన కూడ విన్నడు. నమ్మకపోతే ఇగో ఫోన్, మీరే అడుగున్రి.