అద్దం వైపు చెంప

జపాన్‌లోని నేత ఊరు కిర్యూలో ఇప్పటికీ ఒక చెంప పక్క జుట్టు మాత్రమే నున్నగా గీయించుకోవాలనుకున్న కుర్రాడు ఉరానో సెలూన్‌కే పోతాడు. కుర్చీలో కూర్చోగానే కాంజీ అడిగేది ఒక్కటే: "టోక్యో వైపా, అద్దం వైపా?" టోక్యో వైపు అనేవాడు ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదని ఆయన ధీమా.

కాంజీ ఆ ఇంటికి ఇల్లరికం వచ్చినవాడు. ఇంటిపేరు మార్చుకున్నాడు, మామ తొకుజీకి కత్తులు నూరిపెట్టాడు, రెండో కుర్చీ దగ్గర నిలబడ్డాడు. కిటికీ పక్కనున్న మొదటి కుర్చీ మామది. "యజమాని కుర్చీ అది. ఎప్పుడివ్వాలో నాకు తెలుసు," అనేవాడు తొకుజీ. ఎప్పుడన్నది మాత్రం చెప్పేవాడు కాదు. నేత పని పడిపోయి, కుర్రాళ్లు జుట్టు పెంచుకు తిరుగుతున్న రోజులవి. రెండో కుర్చీ ఎక్కువ సేపు ఖాళీగానే ఉండేది.

అప్పుడొచ్చింది హగురుమా అనే పాటల బృందం రికార్డు. ముగ్గురు మనుషులు, మిగతాదంతా మిషన్లు. ముసలివాళ్లు కుట్టుమిషన్ పాటలని నవ్వారు. మగ్గాల చప్పుడులో పుట్టిన కిర్యూ కుర్రాళ్లకు మాత్రం అది ఇంట్లో మోతలాగే వినిపించింది. రికార్డు అట్ట మీద గాయకుడికి ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద జుట్టు వాలి ఉంది.

అద్దకం పనిచేసే మొమొతా ఆ అట్ట చంకలో పెట్టుకుని వచ్చి, తిన్నగా రెండో కుర్చీలో కూర్చున్నాడు.

"అన్నా, అచ్చం ఇలాగే కావాలి."

"జుట్టు వరకే నా పూచీ. మొహానికి మీ అమ్మనడుగు," అన్నాడు కాంజీ.

అట్టను అద్దం అంచుకు అంటించాడు. అద్దంలోని మొమొతానూ అట్ట మీది గాయకుణ్ణీ పక్కపక్కనే చూసుకుంటూ గీశాడు. రెండూ అచ్చుగుద్దినట్టు కలిశాయి. మొమొతా మురిసిపోయాడు. అతని స్నేహితులంతా వరస కట్టారు.

ఆ కుర్రాళ్ల గుంపు హగురుమా కచేరీ చూడ్డానికి టోక్యో వెళ్లింది. తిరిగొచ్చి నేరుగా షాపులోకి దిగింది.

"అక్కడ అందరికీ ఎడమ చెంప గీసుంది. మాకు కుడి. హాలంతా మమ్మల్ని చూసే నవ్వింది. ఇప్పుడేం చెప్తావన్నా?"

అద్దాన్ని నమ్మి తిరగేసి గీశానని కాంజీకి అప్పుడు తెలిసింది. తొకుజీ అప్పటికే మొదటి కుర్చీ పక్కకు వచ్చి, తప్పు మాదేనన్నట్టు నడుం వంచాడు. మామ వంగితే అల్లుడు అంతకన్నా కిందికి వంగాలి. వంగకపోతే ఆ కుర్చీ మాట మరిచిపోవచ్చు.

కాంజీ వంగలేదు. మొమొతా భుజాలు పట్టి అద్దం వైపు తిప్పి, పక్కన అట్ట పెట్టాడు.

"నీ మొహం నువ్వెక్కడ చూసుకుంటావురా? ఇందులోనేగా. ఇక్కడ నువ్వూ అతనూ ఒకటే. ఆ టోక్యోవాళ్లు అద్దంలో చూసుకుంటే తిరగబడి కనిపిస్తారు. తప్పెవరిది?"

మొమొతా మెడ అటూ ఇటూ తిప్పి అద్దంలో చూసుకున్నాడు.

"జుట్టు పెరిగాక మళ్లీ వస్తాను," అన్నాడు. "ఇదే వైపు గీయాలి."

టోక్యో ఏం దిద్దితే అదే దిద్దుకుని బతికే ఊరు అది. దానికి సొంతమని చెప్పుకోవడానికి ఒక తప్పు దొరికింది. దాన్ని వదల్లేదు. ఆ కుర్రాళ్లు తండ్రులయ్యారు, కొడుకుల్నీ ఆ వైపే గీయించుకు రమ్మని పంపారు.

తొకుజీ మాత్రం అద్దం గొడవ జరిగిన రోజు నుంచే అల్లుడితో మాట్లాడటం మానేశాడు. ఆ ఏడాది, వ్యాపారుల దేవుడు ఎబిసు పండుగ నాడు పొద్దున్నే మెడకు తువ్వాలు చుట్టుకుని షాపులోకి వచ్చాడు.

"గడ్డం గీయి."

కాంజీ నురుగు గిన్నెతో రెండో కుర్చీ వైపు నడిచాడు. మామ వెళ్లి మొదటి దాంట్లో వెనక్కి వాలాడు.

"అది నా చోటు కాదుగా, మావయ్యా."

"వెలుతురు ఇక్కడే బాగుంది. కానివ్వు," అన్నాడు తొకుజీ కళ్లు మూసుకుని. "చెంప మీది జుట్టు జోలికొచ్చావంటే మాత్రం చేతులిరగ్గొడతాను."