బావ ఒంటరిగా ద్వీపానికి వెళ్లిన వారం

నోట్లో నువ్వుగింజ నానని వాళ్లను చాలామందిని చూశాను. మా బావ నోట్లో బండరాయి వేసినా నానిపోతుంది. ముప్ఫై ఏళ్లు ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో పనిచేశాడు. తెర మీద ఎవరి ఛాతీలో ఏం కనిపించినా ఒక్క ముక్క బయటపెట్టేవాడు కాదు. అక్కడి రూలు అది. ఫోటో టెక్నీషియన్ తీస్తాడు, సంగతి డాక్టరు చెబుతాడు. "గాలి పీల్చండి, బిగబట్టండి, ఆఁ, వదలండి" అనడంతో ఆయన మాటల మూట ఖాళీ అయిపోయేది. ఆస్పత్రిలో అందరూ ఆయన్ని బిగబట్టు మాస్టారు అనేవారు. నేను నీటిపంపులు బాగుచేసేవాణ్ణి. మోటారు కాలిపోతే కాలిపోయిందని ఓనరు మొహం మీదే చెప్పేస్తాను. మా ఇద్దరికీ ఎప్పుడూ పెద్దగా పొసగలేదు.

అక్కకు రెండు నెలలుగా దగ్గు తగ్గడం లేదు. ఒక సోమవారం నా బండి మీదే ఆస్పత్రికి తీసుకెళ్లాను. బావే ఫోటో తీశాడు. తలుపు తీసుకుని ఇద్దరూ బయటికి వచ్చారు.

"ఏమైనా ఉందాండీ?" అంది అక్క.

"డాక్టరుగారు చెబుతారు" అన్నాడు. కట్టుకున్న పెళ్లానికి కూడా అదే పాట! అన్నవాడు ఊరుకోకుండా కిందికి వంగి, ఊడిపోయిన అక్క చెప్పు పట్టీ తనే బిగించాడు. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో అలాంటి పని చేయగా నేను చూడలేదు.

"ఏం బావా, ఈ వయసులో సరసాలా?" అని నవ్వాను. అక్క నవ్వలేదు. ఆయన చేతుల వంకే చూస్తూ నిలబడింది.

మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. బావ లేడు. టీపొడి డబ్బా కింద చీటీ పెట్టి వెళ్లాడు. "ద్వీపం చూసి వస్తాను. కంగారుపడొద్దు." అంతే. ఫోన్ ఆపేశాడు. నా మేనకోడలు కాలేజీకి మోసిన పాత బ్యాగు కనిపించలేదు. దాని జిప్పుకి గులాబీరంగు ఎలుగుబంటి బొమ్మ వేలాడుతూ ఉంటుంది. యాభై మూడేళ్ల మనిషి, ఈత రానివాడు, తన బనియన్ల సైజు కూడా పెళ్లాన్ని అడిగి తెలుసుకునేవాడు, ఆ బొమ్మ ఊపుకుంటూ సముద్రం మీద విహారానికి పోయాడు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పోనీలేరా" అంది అక్క. "రానీ."

గురువారం రిపోర్టు కోసం నేనే వెంట వెళ్లాను. డాక్టరు కొత్తగా చేరినవాడు, అక్క ఎవరి భార్యో తెలియదు. తెర మా వైపు తిప్పి, కుడి ఊపిరితిత్తిలో నిమ్మకాయంత మచ్చ చూపించాడు. ఇంకా పరీక్షలు చేయాలన్నాడు, ఆలస్యమైనట్టే ఉందన్నాడు. అక్క అంతా విని ఒక్కటే అడిగింది.

"ఇది ఫోటో తీసిన మనిషికి అప్పుడే తెలిసిపోతుందా డాక్టరుగారూ?"

"అనుభవం ఉన్నవాడైతే నాకంటే ముందే తెలుస్తుందమ్మా."

సోమవారం మధ్యాహ్నం బావ తిరిగి వచ్చాడు. ముక్కు మీద తోలు ఊడిపోయి ఉంది, మెడంతా కమిలిపోయింది. మెట్ల మీదే పట్టుకున్నాను.

"ఏ మొహం పెట్టుకుని వచ్చావు బావా?"

ఆయన బ్యాగు దింపి మెట్టు మీద కూలబడ్డాడు. ఆయన అన్ని మాటలు మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. లాంచీలో సగం మంది వాంతులు చేసుకున్నారట. రేకుల గదిలో మంచం అద్దెకు తీసుకున్నాడట. నీళ్లు అద్దంలా ఉన్నాయట, ఒడ్డంతా కొబ్బరిచెట్లట, వీపున బ్యాగులు వేసుకుని ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుర్రకారు ఒకటే నవ్వులట. ఎలుగుబంటి అంకుల్ అని పిలిచి ఆయనతో ఫోటోలు దిగారట. ఒడ్డు వెంబడి ద్వీపం చుట్టి రావడానికి మూడు గంటలు. రోజూ పొద్దున ఒక చుట్టు, సాయంత్రం ఒక చుట్టు తిరిగాడట.

"పడవవాడు ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాడురా. ఎవరూ లేరని చెప్పాను."

"అక్క బతికుండగానే?"

"ఒక్కణ్ణే ఉండగలనో లేదో చూసుకుందామని వెళ్లాను. నా వల్ల కాలేదు. ఆరు రోజులు కూడా ఉండలేకపోయాను."

కొట్టాలనిపించింది. ఏడుపు కూడా వచ్చింది. రెండూ మింగి లోపలికి తీసుకెళ్లాను.

అక్క కుర్చీలో కూర్చుని బట్టలు మడతపెడుతోంది.

"చూసి వచ్చారా?" అంది.

"ఆఁ."

"నా ఫోటోలో ఏముందో నాకు తెలుసు. అయినా మీ నోటితో వినాలని ఉంది. చెప్పండి."

బావ గోడకు ఆనుకున్నాడు. "డాక్టరుగారు..." అన్నాడు.

"చాలు" అంది అక్క. "స్నానం చేసి రండి, భోంచేద్దురుగాని." తర్వాత నా వైపు తిరిగింది. "ఇకనుంచి ఆస్పత్రికి నువ్వే రారా తమ్ముడూ. నువ్వైతే ఉన్నది ఉన్నట్టు చెబుతావు."

ఆ తర్వాత ఐదు నెలలు బావ సెలవు పెట్టి ఆమె గది వదల్లేదు. ఆమె వాంతులు ఎత్తిపోశాడు, కాళ్లు పట్టాడు, జుట్టు ఊడిపోతే తల తుడిచాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో కళ్లారా చూశాను. అక్క ఆయన్ని నీళ్లు అడిగేది, దుప్పటి అడిగేది. తన ఒంటి సంగతి మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. అది నన్నే అడిగేది. నేను డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పేవాణ్ణి, కాస్త గర్వంగా కూడా.

చివర్లో ఒక రోజు డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. మందు పనిచేయడం మానేసిందన్నాడు. ఇక నెలలు కాదు, వారాలే అన్నాడు. గదిలోకి వచ్చేసరికి అక్క దిండుకు ఆనుకుని నా కోసమే చూస్తోంది. పక్కన బావ చెంచా పట్టుకుని ఉన్నాడు.

"ఏమన్నార్రా?"

"మందు పట్టిందట అక్కా. కొంచెం ఓపిక పట్టాలట."

బావ తల దించుకున్నాడు. అక్క నా మొహంలోకి చూసి, "సరే" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇంకో పదహారు రోజులు బతికింది. నన్ను కూడా మళ్లీ ఏమీ అడగలేదు.