ఏరియేటర్లు ఆగినప్పుడు

ఐ.పోలవరం దగ్గర మా ఇల్లు రొయ్యల చెరువు గట్టునే ఉంటుంది. నీళ్లు చిలికే ఏరియేటర్ల చప్పుడు మాకు పగలూ రాత్రీ అలవాటే. నాకు అరవై ఐదేళ్లు దాటాక ఆ చప్పుడు ఆగితే భయం పట్టుకుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ఎవరో నీళ్లలో పడిపోయారనిపించేది. చేతిలో పని వదిలేసి గట్టు మీదికి పరుగెత్తేదాన్ని. మా ఆయన అక్కడే నిలబడి, "మళ్లీ ఏమైందే?" అనేవారు.

గుండె దడకి పరీక్షలు చేయిస్తే ఏమీ లేదన్నారు. డాక్టరుగారు అమలాపురంలో ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపించారు. నా కూతురి వయసు పిల్ల. మందులివ్వలేదు, మాట్లాడించింది. కొన్నాళ్లు వంటల కబుర్లే చెప్పాను. ఒకరోజు ఆ అమ్మాయి, "కళ్లు మూసుకోండమ్మా. చప్పుడు ఆగిపోయింది. ఏం వినబడుతోందండీ?" అంది.

ఏమీ లేదనబోయాను. "అక్కా అంటున్నాడు" అని వచ్చింది నా నోట.

మా తమ్ముడు పసితనంలోనే కాలవలో పడి చనిపోయాడు. నేనప్పుడు అమ్మమ్మగారి ఊళ్లో ఉన్నాను. వాడు పిలిచాడో లేదో నాకు తెలిసే వీలే లేదు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ వాడి పేరెత్తలేదు.

"మీరు పలుకుతారా?"

"పలకకూడదండీ. మిట్టమధ్యాహ్నం ఒక్క పిలుపుకి పలకకూడదని మా అమ్మ చెప్పేది."

"పలికితే ఏమవుతుందనండీ?"

"వాడు వచ్చేస్తాడేమోనని."

ఆ అమ్మాయి నవ్వలేదు. వాడి గురించి చెప్పమంది. ఎలా నడిచేవాడో, దేనికి మారాం చేసేవాడో చెబుతూ వారాల తరబడి ఏడ్చాను. ఆ తర్వాత, చప్పుడు ఆగినా పరుగెత్తకుండా కూర్చుని చూడమంది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరూ అందుకోలేదు. కాళ్లు గట్టువైపు లాగుతున్నా అరుగు మీద అలాగే కూర్చున్నాను. చెరువు నూనెలా నిలిచిపోయింది. లోపల అన్నం తింటున్న మా ఆయన తలెత్తి, "ఎవరో పిలిచినట్టు లేదూ?" అన్నారు.

"ఆయ్, నన్నేనండీ" అన్నాను. నీళ్లవైపు తిరిగి, "ఇక్కడే ఉన్నానురా" అని గట్టిగా పలికాను.

ఏమీ కదల్లేదు. గుండె మెల్లగా నెమ్మదించింది. లేచి వెళ్లి ఆయనకి మజ్జిగ పోశాను.

ఇప్పుడు పరుగెత్తడం లేదు. కరెంటు పోతే మా ఆయనే విస్తరి ముందున్నా లేచి వచ్చి, నా పక్కన నీళ్లవైపు చెవి పెట్టి కూర్చుంటున్నారు.