సూర్యకుమారిగారి ఖాళీ షెడ్డు

బండారులంకలో సూర్యకుమారిగారింట కడుపునిండా భోంచేసి, ఆవిడకు సాయం అక్కర్లేదని రాసిన పెద్దమనిషిని నేనే. ఎవరో చెప్పేకంటే నేనే చెప్పుకోవడం నయం.

అమలాపురంలో మేం కొంతమందిమి కలిసి ఒక ఉమ్మడి నిధి నడుపుతున్నాం. చుట్టుపక్కల ఊళ్ళలోని సేవా సంఘాలకూ, గ్రంథాలయాలకూ, ఆసుపత్రులకూ ఏటా సాయం చేస్తాం. అడిగినవాళ్ళ దగ్గరికి ముందు ఒకరు వెళ్ళి చూసి రావాలి. నేను రిటైరైన మాష్టారిని, తప్పులు పట్టడంలో చెయ్యి తిరిగినవాణ్ణి. అందుకని ఆ పని నాకు తగిలించారు.

సూర్యకుమారిగారు నేతపనివారి కోడలు. భర్త పక్షవాతంతో మూడేళ్ళు మంచం మీదే ఉండి చనిపోయారు. తలవైపు పైకి లేపే ఆ ఇనప మంచాన్ని ఎవరో కొంటామన్నా ఆవిడ అమ్మలేదు. వీధి చివర ఇంకొకరు మంచాన పడ్డారని తెలిసి అక్కడికి మోయించారు. ఇరవై ఏళ్ళ కిందటి మాట అది. తర్వాత ఒకరు చక్రాల కుర్చీ ఇచ్చారు, ఒకరు మరో మంచం ఇచ్చారు. నలుగురు ఆడవాళ్ళు సంఘంగా ఏర్పడి ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకున్నారు. అవసరమైనవాళ్ళు సామాను పట్టుకెళ్ళి, పని తీరాక తిరిగిస్తారు. దానికి అద్దె లేదు. పగలు మగ్గానికి నూలు కండెలు చుట్టుకోవడం, సాయంత్రం మంచాన ఉన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వాళ్ళను నొప్పి తెలియకుండా పక్కకు ఎలా తిప్పాలో ఇంట్లోవాళ్ళకు నేర్పడం, ఇదే ఆవిడ బతుకు.

కిందటేడు వాళ్ళు గాలి పరుపులు కావాలని మాకు అర్జీ పెట్టారు. కదల్లేని మనిషికి ఒళ్ళు పుళ్ళు పడకుండా కాపాడేది ఆ పరుపే. ఫలానా రోజు వస్తానని ముందుగా ఫోన్ చేసి మరీ వెళ్ళాను.

షెడ్డులో నాలుగు మంచాలు, మూడు చక్రాల కుర్చీలు వరసగా ఉన్నాయి. ఒక మంచం మీద గాలి పరుపు కూడా ఉంది. చేత్తో నొక్కి చూసి, మెత్తగా ఉందన్నాను.

"ఆయ్," అన్నారావిడ.

"ఇబ్బందులేమైనా ఉన్నాయాండి?"

"మీ దయవల్ల అంతా బానే ఉందండి. ముందు భోజనానికి లేవండి మాష్టారూ."

పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, గడ్డ పెరుగు. వచ్చేటప్పుడు మా ఆవిడకని స్టీలు డబ్బా నిండా పూతరేకులు. బస్సులో తేన్చుకుంటూ రాశాను: 'ఉన్న సామానే వాడకం లేక మిగిలి ఉంది. కొత్తది అనవసరం.'

ఒకరి డబ్బా ఖాళీగా తిప్పి పంపడం మా ఇళ్ళలో లేదు. పది రోజుల తర్వాత మా ఆవిడ అందులో జంతికలు నింపి నా చేతికిచ్చింది. ఈసారి చెప్పకుండా వెళ్ళాను. షెడ్డులో విరిగిన కుర్చీ ఒక్కటే ఉంది. సూర్యకుమారిగారు వీరలక్ష్మి ఇంట్లో ఉన్నారని పక్కింటివాళ్ళు చెప్పారు.

వీరలక్ష్మి నేత నేసే మనిషే. మేడమెట్ల మీద నుంచి పడి నడుం కింద స్పర్శ పోయింది. సూర్యకుమారిగారు ఆమెను పక్కకు తిప్పి పుండు కడుగుతున్నారు. గుమ్మంలోనే ఆగిపోయి అటు తిరిగి నిలబడ్డాను. దుప్పటి కప్పాక లోపలికి పిలిచారు. ఆమె కింద ఉన్న పరుపును గుర్తుపట్టాను.

"ఇది ఆవేళ షెడ్డులో ఉంది కదండీ?"

సూర్యకుమారిగారు దుప్పటి అంచు సర్దసాగారు. వీరలక్ష్మే చెప్పింది.

"నేనే పట్టుకెళ్ళమన్నానండి. మంచాలూ కుర్చీలూ ఎవరింట్లోవి వాళ్ళు ఇచ్చేరు. పెద్దలొస్తుంటే బోసి షెడ్డు చూపిస్తే నామర్దా కదండీ. మీరు వెళ్ళేదాకా చాప మీద పడుకున్నాను. మానుతున్న పుండు కాస్త రేగింది, అంతేనండి. మీరు తృప్తిగా తిన్నారాండి ఆవేళ?"

నాకు సిగ్గేసింది. ఇరవై ఏళ్ళుగా ఒకరి బాధ చూసి కదిలిన మనిషి, అతిథి ముందు పరువు పోతుందని ఇంకొకరి బాధ పెంచింది. ఆ అతిథిని నేను. మా మీటింగు ఇంకా జరగలేదు కాబట్టి రాసింది మార్చుకోవచ్చు. జేబులోంచి కాగితం తీశాను.

"తప్పు రాశానండి. ఏమేం లేవో చెప్పండి, మళ్ళీ రాస్తాను."

ఆవిడ నా చేతిలోని జంతికల డబ్బా అందుకున్నారు.

"పరుపులు లేవండి," అన్నారు. "ఆరుగురికి కావాలి, ఇదొక్కటే ఉంది." ఆ వెంటనే, "ఇయ్యాళ మీకు పెడదామంటే ఇంట్లో కూర కూడా లేదండి," అన్నారు.

ఆ రెండో మాటకే ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.