వెరసి అనే మాట

పోర్ట్ బ్లెయిర్‌లోని చాతం జెట్టీలో బాంబూఫ్లాట్ పడవ కోసం నిలబడినప్పుడల్లా సామిల్లు వైపు నుంచి కోసిన కర్ర వాసన వస్తుంది. ఆ వాసనకు పార్వతి టీచరు గుర్తొస్తారు. ఆవిడ భర్త ఆ మిల్లులోనే పనిచేసి రిటైరయ్యారు. బాంబూఫ్లాట్‌లో మా పక్కిల్లే వాళ్ళది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో హిందీ చదివే నన్ను ఆదివారాలు తమ వరండాలో కూర్చోబెట్టి తెలుగు రాయడం నేర్పింది ఆవిడే.

ఒకసారి ‘వెరసి’ అనే మాట దగ్గర ఆగిపోయాను. మొత్తం ఉంది, టోటల్ ఉంది, హిందీలో కుల్ మిలాకే ఉంది, మళ్ళీ ఇదెందుకని అడిగాను.

“మొత్తమంటే లెక్కమ్మా. వెరసి అంటే ఇన్ని జరిగాక చివరికి ఏటి తేలిందో చెప్పడం,” అన్నారు టీచరు. “వాన పట్టింది, ఓడ రాలేదు, కూరలు అయిపోయాయి. వెరసి ఇవాళ పప్పే.”

నన్నూ ఓ వాక్యం రాయమన్నారు. నాన్నకు ఎక్కడో దూరాన డిగ్లీపూర్‌లో పని, అమ్మకు ఆదివారం కూడా డ్యూటీ, అన్నయ్య హాస్టల్లో, వెరసి మా ఇంట్లో నేనొక్కదాన్నే అని రాశాను. టీచరు ఎర్ర పెన్ను మూత తీసి, ఏమీ దిద్దకుండానే మళ్ళీ మూత పెట్టేశారు. తప్పుందా అని అడిగితే లేదని చెప్పి, లోపలికెళ్ళి రెండు కంచాలు తెచ్చారు. ఆ తర్వాత ఏ ఆదివారమూ నేను ఒంటరిగా అన్నం తినలేదు.

పెద్దయ్యాక పోర్ట్ బ్లెయిర్‌లో నర్సునయ్యాను. భర్త పోయాక టీచరు శ్రీకాకుళంలోని చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. ఫోన్లో పొడిగా మాట్లాడేవారు కానీ, నా తెలుగు పోకూడదని ఉత్తరాలు రాసేవారు. చివరిది రెండు పేజీలుంది. డ్యూటీకి వెళ్ళే హడావుడిలో, కూడబలుక్కుని చదివే ఓపిక లేక ఆఖరి వాక్యం మాత్రం చూశాను. ‘వెరసి బాగానే ఉన్నాను.’ హమ్మయ్య అనుకుని మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

మూడు వారాలకు వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసి టీచరు పోయారని చెప్పారు. “నీ జవాబు కోసం చూసిందమ్మా,” అన్నారు, నిష్ఠూరమేమీ లేకుండానే.

అప్పుడు ఆ ఉత్తరం మొదటినుంచీ చదివాను. అన్నం సయించడం లేదట. నాలుగు మెట్లెక్కితే ఆయాసమట. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చుంటున్నారట. కాళ్ళు వాచాయట. సెలవు దొరికితే ఒకసారి వస్తావా అని అడిగారు. అది గుండె జబ్బని తెలియడానికి నర్సుకు ఆ మాటలు చాలు. అన్నీ రాసేసి, నేను కంగారుపడతానని కాబోలు, కింద ఆ వాక్యం చేర్చారు. ఆవిడ రాసినదాంట్లో నాకు తప్పు కనిపించింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు వార్డులో ఎవరైనా “సబ్ ఠీక్ హై, దీదీ” అని, అంతా బాగానే ఉందంటే నేను పక్క మంచానికి కదలను. స్టూలు లాక్కుని కూర్చుంటాను. అన్నం తిన్నారా, నిద్ర పట్టిందా, ఏ వైపు పడుకున్నారు అని ఒక్కొక్కటే అడుగుతాను.