టైడాలో వార్డెనమ్మ ఇల్లు

వార్డెనమ్మ చనిపోయిందన్న కబురు నాకు కురుపాం ఆసుపత్రిలో డ్యూటీలో ఉండగా తెలిసింది. అమ్మ ఫోన్ చేసింది. "పొద్దున్న టీ తాగింది. ఎండ కాసుకుంటానని అరుగు మీద కూకుంది. నాను సేటలో సోళ్ళు సెరుక్కుని వొచ్చీసరికి..." అని ఆగిపోయింది. ఆ మాట వదిలేసి, "బేగి వొచ్చీ అమ్మా" అంది.

ఆవిడకి పేరు లేక కాదు. టైడా చుట్టుపక్కల ఎవరూ ఆ పేరుతో పిలవరు. ఆ కొండల్లోనే పుట్టి, గిరిజన బాలికల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేసి రిటైరైంది. రైల్వే స్టేషన్‌కి కాస్త పైన, కాఫీ తోటలకు వెళ్ళే దారిలో ఆవిడ రేకుల ఇల్లు. భర్త పెట్టే బాధలు పడలేక పిల్లల్ని తీసుకుని బయటపడిన ఆడవాళ్ళు ఆ ఇంటికి వచ్చేవారు. మేమూ అలా వచ్చినవాళ్ళమే.

మా నాన్న పార్వతీపురం మార్కెట్లో గుమస్తా. బజారులో అందరికీ మంచివాడు. ఆ మంచితనం గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు. ఒకసారి అమ్మ చెయ్యి విరిగింది. కట్టు కట్టిన నర్సు, నాన్న మందులకని బయటికి వెళ్ళినప్పుడు, అమ్మ చెవిలో టైడా సంగతి చెప్పింది. కట్టు విప్పకముందే అమ్మ నన్ను తీసుకుని బయల్దేరింది. నేనప్పుడు నాలుగో తరగతి. కొత్తవలసలో కిరండోల్ ప్యాసింజరు ఎక్కి టైడాలో దిగాం.

మేం వెళ్ళేసరికి వార్డెనమ్మ అరుగు మీద రాజ్మా కాయలు ఒలుస్తోంది. అమ్మ చేతికట్టు వంక చూసింది గానీ ఏమీ అడగలేదు.

"రైల్లో ఏటైనా తిన్నారా?" అంది.

రాగులతో కాచిన చోడంబలి పోసి, పక్కన ఉల్లిపాయ పెట్టింది. తాగుతూనే అమ్మ జరిగిందంతా చెప్పబోయింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, "ఇప్పుడొద్దు సెల్లీ. ముందు పడుకో. నీకు సెప్పాలనిపించిన రోజున సెబుదువు" అంది. ఆ మధ్యాహ్నం అమ్మ నిద్రపోయింది. పట్టపగలు అమ్మ నిద్రపోగా నేను చూడడం అదే మొదలు.

వార్డెనమ్మది పెద్ద గొంతు. కోళ్ళని అదిలిస్తే కింద స్టేషన్లోకి వినబడేది. గడప లోపలికి వచ్చిందంటే మాత్రం గొంతు సగానికి తగ్గిపోయేది. అది అలవాటు కాదనీ, మా కోసమనీ నాకు చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు.

వెళ్ళిన కొత్తలోనే నా చేతిలోంచి గాజు గ్లాసు జారి పగిలింది. మా ఇంట్లో ఏదైనా పగిలితే దాని తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలుసు. మంచం కిందికి దూరిపోయాను. ఆవిడ వచ్చి, మోకాళ్ళ నొప్పులతో మూలుగుతూ నేల మీద కూర్చుని, మంచం కిందికి వంగి చూసింది.

"ఓ గుంటా, గ్లాసు పగిలితే ఏటవుద్ది?"

నేను ఇంకాస్త గోడవైపు జరిగాను.

"ఊడ్సుకుంటాం. అంతే. సెప్పులేసుకుని రా, గాజుముక్క గుచ్చుకుంటాది."

ఇద్దరం కలిసి ఊడ్చాం. ఆ తర్వాత ఆవిడ నాకు టీ ఇచ్చింది, మళ్ళీ గాజు గ్లాసులోనే.

ఒక ఆదివారం నాన్న వచ్చాడు. వెంట పెదనాన్న. వార్డెనమ్మ వాళ్ళకి కుర్చీలు వేయించి మంచినీళ్ళిచ్చింది. నాన్న బజారు గొంతుతోనే మాట్లాడాడు. "సిన్న మాటపట్టింపండి. ఇంక సెయ్యెత్తను. ఇంటికి తీసుకెల్లిపోతానండి."

పెదనాన్న అందుకున్నాడు. "తండ్రి లేకండా ఆడగుంటని ఎలగ పెంచుతాదండి? మీరైనా బుద్ధి సెప్పండి."

"నానేటి సెప్పను? ఆవిడ ఇక్కడే ఉన్నాది కదా, అడగండి."

"అదొస్తాదండి" అన్నాడు నాన్న.

"నిన్నడగలేదు బాబూ."

అమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది. నాన్న ఎదుట ఎవరు ఏమడిగినా అమ్మ తరఫున నాన్నే జవాబు చెప్పేవాడు. ఆ రోజు ఎవరూ మాట్లాడకుండా అందరూ అమ్మ కోసం ఆగారు. అమ్మ పెదవులు కదిలాయి. మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది.

"నాను రాను."

నాన్న లేచాడు. గొంతు మారిపోయింది, నాకు తెలిసిన గొంతు అదే. వార్డెనమ్మ లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆయన భుజానికి కూడా రాదు మనిషి. అరుగు మీద కాయలొలుస్తున్న ఊరి ఆడవాళ్ళు కూడా ఒళ్ళో తొక్కలు దులుపుకుని, ఒక్కొక్కరే లేచి వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డారు.

"కింద రోడ్డు మీద జీపు సూసినావా బాబూ? మీరొత్తన్నారని తెలిసే పోలీసోల్ని నానే రమ్మన్నాను. ఇంకేటైనా ఉంటే ఆళ్ళతో మాటాడు."

వాళ్ళు వెళ్ళిపోయాక కూడా అమ్మ ద్వారబంధం వదల్లేదు. వార్డెనమ్మ ఆమెను పట్టుకుని కూర్చోబెట్టి, "సాలు సెల్లీ. ఈ రోజుకి ఆ ఒక్క మాట సాలు" అంది.

తర్వాత కోర్టు ఆర్డరు వచ్చింది, నేను అక్కడి బడిలో చేరాను, అమ్మ కాఫీ తోటలో పనికి కుదిరింది. కొన్నాళ్ళకి ఆ ఇంటి వంట, వచ్చినవాళ్ళ మంచీచెడూ చూడడం అమ్మ చేతికే వచ్చాయి.

అందరి కథా మాలా తేలలేదు. కొందరు తిరిగి భర్తల దగ్గరికే వెళ్ళిపోయేవారు. వార్డెనమ్మ వాళ్ళని ఒక్క మాట అనేది కాదు. దారికి ఉప్మా కట్టిచ్చి, "మళ్ళీ రావాలనిపిస్తే సిగ్గుపడి ఆగిపోకు" అనేది. అలా వెళ్ళి మళ్ళీ వచ్చినవాళ్ళున్నారు. రానివాళ్ళ గురించి ఆవిడ బెంగపడేది.

ఇదంతా ఎందుకు మొదలుపెట్టారని నర్సింగ్ చదివే రోజుల్లో ఆవిడని అడిగాను.

"హాస్టలుకి సెలవులిత్తే గుంటలందరూ గెంతులేసీవోరు. ఒకలిద్దరు మాత్రం ఇంటికి ఎల్లనని నా సీర పట్టుకుని ఏడ్సీవోరు. రూల్సు కదా, పంపించీసి తాళం ఏసీదాన్ని. ఈ ఇల్లు నాది. దీనికి సెలవుల్లేవు."

అంత్యక్రియలకి ఎక్కడెక్కడి ఆడవాళ్ళో వచ్చారు. కొందరి పిల్లలు నాకంటే పొడుగయ్యారు. వాళ్ళలో చాలామందికి ఒకరితో ఒకరికి పరిచయం లేదు. అయినా ఏ గిన్నె ఎక్కడుంటుందో అందరికీ తెలుసు. అడగకుండానే పొయ్యి వెలిగించారు, బియ్యం కడిగారు.

మర్నాడు పొద్దున రైలుకి ఒకామె కూతుర్ని తీసుకుని వచ్చింది. జరిగింది తెలియదు. గుమ్మంలో నిలబడి, "వార్డెనమ్మగారు ఉన్నారా?" అని అడిగింది. అమ్మ ఆమె చేతిలో సంచి అందుకుని, "లోపలికి రా సెల్లీ" అంది.

ఆ తల్లి నిద్రపోయాక, అమ్మ ఆ పిల్లని అరుగు మీద తన ముందు కూర్చోబెట్టుకుని తలకి నూనె రాసింది.

"మేం ఇక్కడ ఎన్నాళ్ళుండొచ్చు?" అని అడిగింది పిల్ల.

"కదలకు. పాపిడి వొంకరొచ్చీగలదు" అంది అమ్మ.

లోయలో మంచు విడిపోతోంది. పిల్ల మెడ వాల్చి కూర్చుంది. అమ్మ దువ్వెన మొనతో ఆ చిన్న తల మీద నుదుటి నుంచి వెనకదాకా, తొందర లేకుండా, పాపిడి తీస్తోంది.