అవ్వ తుడిచేసిన టీకా

మా అవ్వ ముఖం నిండా మసూచి మచ్చలు. చిన్నతనంలో అమ్మవారు పోసి, ఎలాగో బతికి బయటపడింది. అప్పటినుంచి కంబదూరు దగ్గరి మా ఊళ్లో ఎవరింట్లో అమ్మవారు పోసినా అవ్వకే కబురు. వేపమండ పట్టుకుని రోగి పక్కన కూర్చునే ధైర్యం ఇంకెవరికీ లేదు. "నన్నొకసారి చూసిపోయింది, మళ్లా నా జోలికి రాదు" అనేది, చుట్టాల సంగతి చెప్పినట్టు.

నేను బడిలో చేరిన ఏడాది టీకాలాయన వచ్చి నా చేతి మీద గీరి మందు పెట్టాడు. ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, అవ్వ పసుపునీళ్లలో కొంగు ముంచి శుభ్రంగా తుడిచేసింది. టీకా వేయించుకుంటే అమ్మవారి ముఖాన తలుపేసినట్టని ఆమె భయం. ఆ చేయి పొక్కలేదు. నొప్పి తప్పిందని నాకు సంతోషమే.

ఆ ఎండాకాలమే పక్కింట్లో నా ఈడు పిల్లకు అమ్మవారు పోసింది. ముందురోజు దాకా ఇద్దరం ఒకే చాప మీద ఆడుకున్నాం. అవ్వ మండ తీసుకుని బయలుదేరబోతే అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడి ఏడ్చింది.

"నీకేం కాదులే అత్తా. నా బిడ్డకు పెట్టిన మందు తుడిచేసినావే, ఇప్పుడు దానికీ పోస్తే నేనేం చేసేది?"

అవ్వ మండ కింద పెట్టేసింది. ఆమె భయపడగా నేను చూడటం అదే మొదలు.

నాయన సైకిలు మీద పోయి టీకాలాయన్ను వెంటబెట్టుకొచ్చాడు. "ఈ మందు యాడిదప్పా?" అని అవ్వ నిలదీసింది.

"పెయ్యదూడ ఒంటి మీదినుంచి తీస్తారవ్వా. దానికీ పొక్కులు లేస్తాయి."

"ఆవుకు వచ్చేదీ అమ్మే కదప్పా! ఆ మాట ముందే చెప్పుంటే నేనెందుకు తుడుస్తా?" అని ఆయన్నే తిట్టి, నా చేయి తనే గట్టిగా పట్టుకుంది.

ఆ తర్వాతే పక్కింటికి పోయింది. అక్కడే స్నానం చేసి, చీర మార్చుకుని గానీ మా గడప తొక్కేది కాదు. నాకు పొక్కు లేచి జ్వరమొచ్చింది. అవ్వ వేపాకు పరిచి పడుకోబెట్టి, మజ్జిగన్నం తినిపించి, ఆ ఒక్క పొక్కుకే అమ్మవారికి చేసే మర్యాదలన్నీ చేసింది. అంత గారాబం నాకు మళ్లీ దొరకలేదు.

చాలా ఏళ్లకు చదువుకుని తెలుసుకున్నాను. కొత్త రోగక్రిమి వస్తే దాన్ని పట్టగల బి కణాలు ఒంట్లో కొన్నే ఉంటాయట. అవి పెరిగి పెరిగి, క్రిమిని అంటిపట్టుకుని అడ్డుకునే యాంటీబాడీలను తయారుచేస్తాయి. రోగం తగ్గాక కూడా కొన్ని కణాలు దాన్ని గుర్తుపెట్టుకుని మిగిలిపోతాయి. మళ్లీ వస్తే ఆలస్యం చెయ్యవు. టీకామందులోని క్రిమి మసూచికి దగ్గర చుట్టమే కాబట్టి, ఒకదాన్ని చూసిన కణాలు రెండోదాన్నీ పట్టేస్తాయి. చుట్టాల సంగతి అవ్వ ముందే చెప్పిందని నవ్వుకున్నాను.

నా పొక్కు ఎండి పక్కు రాలిన రోజు అవ్వ నా చేతి మచ్చ తడిమి, తన చెంప తడుముకుంది. "ఇంక అమ్మ పోసినోళ్లింటికి పోయేదానికి మనం ఇద్దరుండాం పాపా" అంది.

కోలుకుంటున్న పక్కింటి పిల్ల దగ్గరికి ఆ సాయంత్రమే నన్ను తీసుకుపోయింది. వేపమండ నా చేతిలో ఉంది. అమ్మ గుమ్మంలోంచి పక్కకు జరిగి మాకు దారి ఇచ్చింది.